కండెన్సరు నా దగ్గర, పట్టిక రాజోలులో

కోనసీమ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా కాలనీలో ప్రతివాళ్ళూ అడుగుతున్నది ఒకటే: పులస తిన్నారా అని. తినలేదు. అది పులస దొరికే కాలమూ కాదు, నాది పులస కొనే జేబూ కాదు. నేను అక్కడ తిరిగింది ఒక కాగితం కోసం. ఆ మాట చెబితే జాలిగా చూసి వెళ్ళిపోతున్నారు. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్ళ మొహాలు నాకు కనపడవు, అదొక సుఖం.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయా లేదా అని చూడటం మా గది పని. రేడియో తరంగాల కొలతలకు ఆ రోజుల్లో మాకు పెద్దదిక్కు వేరియబుల్ కండెన్సరు. ఇప్పటి పిల్లలు కెపాసిటర్ అంటారు. లోపల కొన్ని ఇత్తడి రేకులు కదలకుండా నిలబడి ఉంటాయి. వాటి సందుల్లోకి మరికొన్ని రేకులు, ఒకదానికొకటి తగలకుండా, తిరుగుతూ వెళ్తాయి. రేకులు ఎంతమేర ఎదురెదురుగా వస్తే అంత విద్యుత్తు నిలుస్తుంది. పాత రేడియోలో స్టేషన్ మార్చే పిడి వెనక ఉండేది దీని తమ్ముడే. కాకపోతే వాడు పాటలకు, వీడు కొలతలకు. ఒక తీగచుట్ట సంగతి తేల్చాలంటే దీన్ని తిప్పుతూ, మీటరు ముల్లు శిఖరానికి వెళ్ళినచోట ఆపి, డయలు మీద అంకె చూసేవాళ్ళం. ఆ అంకెకు ఎదురులేదు.

ఎదురు లేదంటే, చిన్న తిరకాసు ఉంది. ఎంత గొప్ప కంపెనీ చేసినా డయలు మీద అంకెకూ లోపలి నిజానికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఏ అంకె దగ్గర ఎంత తేడానో కొలిచి రాసిన పట్టిక ఒకటి ప్రతి కండెన్సరుకూ విడిగా ఉండాలి. ఒకదాని పట్టిక ఇంకోదానికి పనికిరాదు. పట్టిక పోతే మిగిలేది తూకానికి వెళ్ళే ఇత్తడి.

పోయిన ఏడాది ఒక ఆదివారం పాతసామాన్ల బజారులో, విరిగిన టైపు మిషను కింద ఒకటి కనపడింది. టేకు పెట్టె, నల్లటి ముఖం, రెండు డయళ్ళు. మూత తీస్తే లోపల అంటించిన చీటీ ఉంది. తెలుగులో, గుండ్రటి చేతిరాతలో: "దీని పట్టిక సాఫు రాయడానికి ఇంటికి తీసుకెళ్ళాను. సెలవుల తరువాత తెచ్చి పెడతాను. ఎస్తేరు, ఫిజిక్స్ ల్యాబ్." పక్కన అమలాపురంలోని ఒక కాలేజీ ముద్ర. కాగితం రంగు చూస్తే ఇరవై ఏళ్ళ పైమాటే.

ఆ బజారులో, అంత గోలలో, దాన్ని రెండుసార్లు చదివాను. మా గదిలోనూ ఇలాంటి చీటీలే రాసి పెట్టుకునేవాళ్ళం. ఎవరు ఏం తీసుకెళ్ళినా చీటీ ఉండాల్సిందే. ఆ గదీ పోయింది, ఆ మనుషులూ చెల్లాచెదురయ్యారు. బేరమాడకుండా కొన్నాను. రెండు నెలలు శుభ్రం చేశాను. పట్టిక కూడా దొరికితే రెంటినీ కలపాలని మనసు పీకుతూనే ఉంది. మా ఆవిడ చీటీ చదివి, "ఆ ఎస్తేరు గారు ఇంకా సెలవుల్లోనే ఉన్నారేమో, వెళ్ళి చూసిరండి" అంది. వెటకారంగానే అంది. నేను టికెట్టు కొన్నాను.

రావులపాలెం

పొద్దున్నే రాజమండ్రిలో రైలు దిగి, బస్సెక్కి గోదావరి దాటి రావులపాలెం చేరాను. అరటి గెలల మార్కెట్టు అది. లారీల వెనక లారీలు, కర్పూరం, చక్కెరకేళి, బొంత, అమృతపాణి, ఎటు చూసినా పచ్చటి గెలలే. నేను టీ తాగుతూ పెట్టెను పక్కన బెంచీ మీద పెట్టాను. అటుగా వచ్చిన ఒక కూలీ భుజం మీది గెలను దించుకోవడానికి చోటు వెతుక్కుని, నా పెట్టె మీదే దించాడు.

నేను అరిచాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆఫీసులో అనేవాళ్ళు. ఆ రోజు అది నిజమేనని నాకూ తెలిసింది. గెల యజమాని పరుగున వచ్చారు, యాభై ఏళ్ళ మనిషి.

"ఆయ్, తీయించేస్తానండి. కోప్పడకండి. గెల మెత్తగానే ఉంటదండి, మీ హార్మోనియానికేం అవదు."

"హార్మోనియం కాదండీ."

"మరేంటండీ?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నా చేతిలో నాలుగు చక్కెరకేళులు పెట్టి, డబ్బివ్వబోతే నొచ్చుకున్నారు. మా దగ్గర డజను ఎనభై రూపాయలు, అదీ మచ్చలతో. "ఎవరింటికండీ వెళ్తున్నారు?" అని అడిగి, ఎస్తేరు గారి సంగతి చెప్పగానే, "ఒకరింటికి ఒట్టి చేతులతో వెళ్తారేంటండీ, ఆత్రేయపురం ఇక్కడే కదండీ" అని ఆటోవాణ్ణి ఆయనే పిలిచి మాట్లాడారు. మా కరీంనగర్ వైపు ఇంత మర్యాద చేస్తే అమ్మాయి సంబంధం మాట్లాడటానికి వచ్చారేమో అనుకుంటాం. ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా ఇంతే. ప్రతి మాటకూ వెనక ఒక 'అండీ', ఒప్పుకున్నప్పుడల్లా ముందు ఒక 'ఆయ్'.

ఆత్రేయపురం

పూతరేకులు తినడమే గానీ చేయడం ఎప్పుడూ చూడలేదు. వరండాలో ఒకావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, రెప్పపాటులో రేకు తయారు. అంచు పట్టి లేపి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచుతుంది. చూస్తూ అరగంట నిలబడిపోయాను.

"ఎంత మందం ఉంటుందమ్మా?" అని అడిగాను. వృత్తి బుద్ధి.

"మందం ఉంటే అది పూతరేకు ఎందుకవుద్దండీ?"

నా సంచిలో స్క్రూగేజి ఉంది. దారి ఖర్చులకు డబ్బు మర్చిపోతానేమో గానీ అది మర్చిపోను. ఆవిడ అనుమతితో ఒక రేకును గేజి దవడల మధ్య పెట్టి మెల్లగా బిగించాను. పుటుక్కున విరిగింది. ఇంకోటి ఇచ్చింది. అదీ విరిగింది. మూడోది ఇవ్వలేదు.

"కొలవడానికండీ మేం చేసేది? నోట్లో పెట్టుకోండి, తెలుస్తది" అని నవ్వింది. విరిగినవాటికి డబ్బు తీసుకోలేదు. బెల్లం, నెయ్యి వేసినవి పది ఉన్న డబ్బా రెండొందల యాభైకి కొన్నాను.

కొత్తపేట మీదుగా

అమలాపురం బస్సులో సీటు దొరికింది గానీ పెట్టె ఒళ్ళో పెట్టుకోవాల్సి వచ్చింది. ఎనిమిది కిలోలు. కొత్తపేట వచ్చేసరికి తొడలు మొద్దుబారాయి. అక్కడ తెల్లపంచె పెద్దాయన ఒకరు ఎక్కి నా పక్కన కూర్చుని, పెట్టెను తడిమి చూశారు.

"ఏ చర్చికండీ?"

హార్మోనియం అని రెండోసారి. ఓపిక తెచ్చుకుని, రేకుల దగ్గర్నుంచి రేడియో తరంగాల దాకా పది నిమిషాలు చెప్పాను. ఆయన ఒక్క మాటకూ అడ్డు రాకుండా విన్నారు. కిటికీ బయట వరి కోతలైన మళ్ళు, వాటి గట్ల మీద కొబ్బరి చెట్లు, కాలవ, మళ్ళీ కొబ్బరి చెట్లు.

"అంటే వాయించరన్నమాట" అన్నారు చివరకు.

"వాయించమండీ."

"ఆయ్" అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

అమలాపురం

లాడ్జి పక్క మెస్సులో భోజనం నూట ఇరవై. ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. మొదటి ముద్దకు ఆవఘాటు ముక్కులోంచి మాడుకెక్కి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, వడ్డించే ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చి, "కొత్తా అండీ? నెమ్మదిగా తినండి" అంది. మా వైపు కారం మిరపకాయదే, ముందే చెప్పి మరీ కొడుతుంది. ఇది అలా కాదు, వెనక నుంచి వస్తుంది.

మర్నాడు కాలేజీకి వెళ్ళాను. ఫిజిక్స్ ల్యాబు ఉన్నచోట ఇప్పుడు కంప్యూటర్లున్నాయి. ఆఫీసులో ఒకే ఒక్క పాత మనిషి మిగిలారు. సుందర్రావు గారు, అప్పట్లో ల్యాబులో అటెండరు, ఇప్పుడు రికార్డు గదిలో. పెట్టె మూత తీసి చీటీ చూపించగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇది మళ్ళీ చూస్తాననుకోలేదండి" అన్నారు.

ఆయన చెప్పిన కథ ఇది. ఒక ఎండాకాలం ఎస్తేరు మేడం పొద్దున్నే వచ్చి, ఫ్యాన్లన్నీ ఆపించి, చెమటలు కారుతూ కూర్చుని ఈ కండెన్సరుకు పట్టిక కట్టారు. తర్వాత కొన్నేళ్ళకు వానల తేమకు ఆ కాగితం మీద సిరా పాకింది. సాఫు రాసి తెద్దామని సెలవుల్లో ఇంటికి తీసుకెళ్ళారు. ఆ సెలవుల్లోనే పాత పరికరాల లెక్క తేల్చడానికి ఒక కమిటీ వచ్చింది.

"కాగితాలున్నవి ఉంచేరండి, లేనివి పనికిరానివని రాసేసేరండి. నేను చీటీ చూపించేను. చీటీ పట్టిక కాదు కదా అన్నారండి. మేడంగారు కాలేజీ తెరిచిన రోజు సాఫు రాసిన పట్టిక పట్టుకుని వచ్చేరండి. పెట్టె లేదు. ఆ ఖాళీ బల్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయేరు. 'నా చేత్తో నేనే పంపించేసేను సుందర్రావ్' అన్నారండి. రిటైరైన రోజు సన్మానంలో కూడా ఇదే మాటన్నారు."

ఆవిడ రాజోలులో చెల్లెలితో ఉంటున్నారని చెప్పి, అడ్రసు కాగితం మీద రాసిచ్చారు. అప్పటిదాకా నాది ఒక ముసలివాడి సరదా. ఆ గది బయటికి వచ్చేసరికి అది సరదా కాదు. నేను కలపాల్సింది పెట్టెనూ కాగితాన్నీ మాత్రమే కాదని తెలిసి, కొంచెం భయం కూడా వేసింది.

అంబాజీపేట

రాజోలుకు దగ్గర దారి వేరే ఉందట. అంబాజీపేటలో పొట్టిక్కలు తిని వెళ్ళమని సుందర్రావు గారు చుట్టుదారి పట్టించారు. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. రెంటికి నలభై రూపాయలు. ఆకు వాసన పిండికి పట్టి, మామూలు ఇడ్లీని మళ్ళీ ముట్టబుద్ధి కాదు. తొందరలో ఒక ఈనెపుల్ల పంటి చిగుళ్ళలో గుచ్చుకుంది. కొట్టాయన చూసి, "ముందు పుల్లలు తీసుకోవాలండి" అన్నారు, నేను దాన్ని లాగేశాక.

పి. గన్నవరం దగ్గర పంటకాలవ నది మీదుగా వెళ్తుంది. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలవ, ఒక నీటి మీద ఇంకో నీరు. బస్సులో నేను తప్ప ఎవరూ తలెత్తి చూడలేదు.

రాజోలు

చర్చి వెనక సందులో, చుట్టూ కొబ్బరి చెట్లున్న డాబా ఇల్లు. గేటు దగ్గరకు వచ్చినావిడ ఎస్తేరు గారి చెల్లెలు రూతమ్మగారు. నా చేతిలో పెట్టె చూసి, నేను నోరు తెరవకముందే, "హార్మోనియం మాకుందండీ, వద్దు" అన్నారు.

లోపల పడకకుర్చీలో ఎస్తేరు గారు. తెల్ల నేతచీర, దళసరి కళ్ళద్దాలు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. నేను పేరు చెప్పి, వచ్చిన పని చెప్పి, పెట్టెను ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను. ఆవిడ వంగి చూడలేదు. చెయ్యి పెట్టారు. మూత అంచు, పక్కన ఇత్తడి కొక్కెం, పిడి. పిడిని ఒక చుట్టు తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పారు.

"వచ్చేసేవా" అన్నారు, దానితో. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. రూతమ్మగారు నావైపు చూసి, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళిపోయారు.

ట్రంకు పెట్టెలోంచి పట్టిక వచ్చింది. ప్లాస్టిక్ కవరులో రెండు కాగితాలు: సిరా పాకిన పాతదీ, సాఫు రాసినదీ. డయలు మీద వంద నుంచి పదకొండొందల దాకా, ఇరవైకొకటి చొప్పున యాభై ఒక్క చోట్ల, ఒక్కోచోట మూడేసి సార్లు కొలిచి, పెద్ద పెద్ద అంకెలతో రాసిన పట్టిక. కొట్టివేత ఒక్కటి లేదు.

"ఎప్పుడూ కింది నుంచి పైకే తిప్పేదాన్నండి. గేరులో కాస్త వదులుంటది కదా. అంకె దాటిపోతే అక్కడికక్కడ వెనక్కి లాక్కోకూడదు. మొదటికెళ్ళి మళ్ళీ రావాలి."

అచ్చం ఈ మాటే మా గురువుగారు, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, చెవి మెలిపెట్టి చెప్పారు. ఆయన పోయాక ఆ మాట ఇంకొకరి నోట విన్నది ఆ రోజే. చెప్పలేనంత సంతోషం వేసింది. ఇద్దరం కాసేపు పాత మీటర్ల గురించీ, వాటి ముళ్ళ గురించీ, పిల్లలు కాల్చేసిన ఫ్యూజుల గురించీ మాట్లాడుకున్నాం.

ఆవిడ పట్టిక మీద చెయ్యి పెట్టుకుని, "నేను ఇంటికి తెచ్చుకోబట్టే కదండీ అది తూకానికెళ్ళింది" అన్నారు. "ఒక్కసారి సరిచూద్దామా మూర్తిగారూ? నా అంకెలు దానికి ఇంకా చెల్లుతాయో లేదో తెలిస్తే చాలు నాకు."

నా దగ్గర చిన్న డిజిటల్ మీటరు ఉంది. దాని సన్నటి అంకెలు ఆవిడకు ఆనవు. అందుకని నేను డయలు పెట్టి మీటరు చదవడం, ఆవిడ భూతద్దంతో తన పట్టికలో చూసి పెన్సిలుతో టిక్కు పెట్టడం. పట్టిక మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. వంద దగ్గర మొదలుపెట్టాం. నూట ఇరవై, నూట నలభై. ఒక దశాంశం అటూ ఇటూగా అన్నీ కలిశాయి. ఎనిమిది చోట్లు అయ్యేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. రూతమ్మగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

రెండొందల అరవై దగ్గర మీటరు పట్టికతో కలవలేదు. వైర్లు సర్దాను. మళ్ళీ మొదటి నుంచి తిప్పి వచ్చాను. అదే తేడా. నోటితో చెప్పకుండా రెండొందల ఎనభైకి పెట్టి చూశాను. తేడా పెరిగింది.

నా ఆలస్యం చూసి ఆవిడ, "అక్కడ నుంచే చివరి రేకు లోపలికెళ్తదండి" అన్నారు. "కంపెనీవాళ్ళు ఆ రేకుకి కోతలు పెట్టి, ఒక్కో ముక్కనీ కావలసినంత వంచి పంపేరు. కొలత సరిపోవడానికి. చూసినవాళ్ళకి ఎవరో పాడుచేసినట్టుంటది. పిల్లలు తిన్నగా చేసేస్తారేమోనని కాపలా కాసేదాన్ని."

ఆ ముక్కల్ని తిన్నగా చేసింది నేనే. మా ఇంట్లో, భోజనాల బల్ల మీద, భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో, ఒక రోజంతా. మా ప్రయోగశాలలోని కండెన్సర్లకు ఈ కోతలు లేవు. బజారులో ఎవరో మొరటు చేతులతో వంచేశారని ఆ మొరటువాణ్ణి తిట్టుకుంటూ చేశాను. అయ్యాక మా ఆవిణ్ణి పిలిచి చూపించి మెచ్చుకోమన్నాను కూడా. పిల్లలు చేస్తారని ఆవిడ భయపడిన పని, ముప్పై ఏళ్ళ సర్వీసున్న నేను చేశాను.

తలెత్తి ఆవిడ మొహం చూశాను. ఇరవై ఏళ్ళుగా దాచిన పట్టిక నావల్ల చెల్లని కాగితమైందని ఎలా చెప్పడం? చెప్పలేకపోయాను. పట్టికలో రెండొందల అరవై ఎదురుగా ఉన్న అంకె చూసి అదే చదివాను.

"ఆయ్" అని ఆవిడ టిక్కు పెట్టారు.

రెండొందల ఎనభై. మూడొందలు. అలా నాలుగొందల నలభై దాకా పది అంకెలు, మీటరు వైపు చూస్తున్నట్టు నటిస్తూ, ఆవిడ రాతలోంచే చదివాను. ఏ అబద్ధమూ అంత కష్టపడి చెప్పలేదు నేను.

ఆవిడ పెన్సిలు కింద పెట్టారు.

"మొదటి ఎనిమిదీ నా అంకెలకి కాస్త అటూ ఇటూగా వచ్చేయండి. రావాలి కూడా. నేను కొలిచింది మండుటెండల్లో, ఇప్పుడు చలికాలం. వైర్లు మీవి, మీటరు మీది. తర్వాతి పదీ మాత్రం చుక్క తేడా లేకుండా వచ్చేయి." అన్నారు. "కొలిస్తే అలా రాదండి మూర్తిగారూ. చూసి రాస్తేనే అలా వస్తది. ఎంతమంది పిల్లల రికార్డులు దిద్దేనండి నేను."

సిగ్గుతో చచ్చిపోయాను. అరవై మూడేళ్ళ వయసులో, కాపీ కొడుతూ దొరికిపోయినవాడిలా నేల చూపులు చూశాను. తర్వాత అంతా చెప్పేశాను. భోజనాల బల్లా, భూతద్దం, మా ఆవిడ మెచ్చుకోలు, ఏదీ దాచలేదు.

"పట్టకారుతోనాండీ?"

"ఆయ్" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"ఎన్ని ముక్కలు?"

"ఆరు."

ఆవిడ చేతులు తుడుచుకుని, చివరి రేకు అంచున గోరు మోపి, ఒక్కో ముక్క మీదుగా మెల్లగా జరుపుతూ వెళ్ళారు. "ఎంత బాగా తిన్నగా చేసేరండీ" అన్నారు. అది మెప్పో దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"మీ పట్టిక ఉంది కదా మేడం. దాన్నిబట్టి మళ్ళీ వంచి తేగలనేమో."

"వద్దండి. ఇంకోసారి వంచితే విరుగుద్ది. పట్టిక కోసం రేకుని వంచుతామాండీ? రేకు ఎలా ఉంటే అలా పట్టిక రాసుకోవాలి."

"మీరు ఇన్నాళ్ళు దాచింది పోయినట్టే కదండీ."

ఆవిడ పాత పట్టికను మడతల వెంట సర్ది కవరులో పెట్టారు. బాధ పడ్డారు, నేను చూశాను. తర్వాత, "పనికిరాదని రాసేసేరండి దీన్ని. పనికొస్తదని రాయాలి. అది నా పట్టికే అయి ఉండాలనేం లేదు" అని, చెల్లెల్ని పిలిచి తెల్ల కాగితం, స్కేలు తెమ్మన్నారు. గీతలు తనే గీశారు. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం రూతమ్మగారు కొరమీను పులుసు, కొబ్బరి పచ్చడి పెట్టారు. నేను పూతరేకుల డబ్బా ఇస్తే, "తిరుపతి వెళ్ళేవాళ్ళు లడ్డూ పట్టుకెళ్ళినట్టుందండి" అని నవ్వి, ముందు తనే రెండు తిన్నారు. ఎస్తేరు గారు ఒకటి తిని నీళ్ళు తాగి, పనికి లేవమన్నారు.

మర్నాడు

ఆ రోజు సగమే అయింది. రాత్రికి రాజోలు లాడ్జిలో ఉండి, పొద్దున్న ఏడింటికల్లా వెళ్ళాను. ఫ్యాను ఆపేసి, కిటికీలు వేసి, ఆవిడ కాగితం ముందు కూర్చుని ఉన్నారు. మిగిలిన చోట్లన్నీ, మూడేసి సార్లు. ఏడొందల దగ్గర పిడి కాస్త దాటితే, కనపడదు కదా అని రవ్వంత వెనక్కి లాగాను. గేరు చప్పుడుకే పట్టేశారు.

"మొదటికెళ్ళండి మూర్తిగారూ."

వెళ్ళాను. నన్ను ఇలా కసిరేవాళ్ళు లేక ఎన్నేళ్ళయిందో. మీరు నమ్మరు గానీ, ఆ కసురు విని ఇరవై రెండేళ్ళ వయసు ఒంట్లోకి వచ్చినట్టయింది. మా గది, మా గురువుగారు, మధ్యాహ్నం మూడింటి టీ, అన్నీ వరుసగా గుర్తొచ్చి, రెండుసార్లు మీటరు తప్పు చదివాను. రెండుసార్లూ మళ్ళీ మొదటికి పంపారు.

పన్నెండింటికి యాభై ఒకటో చోటు పూర్తయింది. పెట్టెను మీ దగ్గరే ఉంచుతానని అన్నాను, మనస్ఫూర్తిగానే. "ఇక్కడ ఉప్పుగాలండి, తేమ. రేకులు చిలుం పట్టేస్తాయి. మీ ఊరు పొడిగా ఉంటది, తీసుకెళ్ళండి. వాడండి. ఊరికే అద్దాల బీరువాలో పెట్టకండి" అన్నారు.

తర్వాత పట్టిక అడుగున గడులు నింపడం మొదలుపెట్టారు. భూతద్దం ఎడమ చేత్తో పట్టుకుని, రాస్తూ, రాసింది పైకి చదువుతూ. కొలిచినవారు దగ్గర నా పేరు, సరిచూసినవారు దగ్గర తన పేరు. ఆ రెండు గడుల్లో నా సర్వీసులో వేలసార్లు సంతకం పెట్టాను. ఇక అయిపోయిందనుకుని వైర్లు చుడుతున్నాను.

"రిమార్కులు ఖాళీగా వదలకూడదండి" అన్నారు. రాశారు. "చివరి రేకు, ఆరు ముక్కలు, తిన్నగా చేయబడినవి. చేసినవారు..."

పెన్ను ఆపి, నావైపు తల తిప్పారు.

"పూర్తి పేరు చెప్పండి. ఇంటిపేరుతో."

చుడుతున్న వైర్లు పక్కన పెట్టి, ఆవిడ రాసుకోవడానికి వీలుగా, ఆగి ఆగి, ఇంటిపేరుతో సహా చెప్పాను.